అన్న కుడిచెయ్యి

మొన్న ఆత్మకూరు బస్సులో ఎవరో నొప్పుల మందు రాసుకుంటే, ఆ ఘాటుకి ఉలిక్కిపడ్డాను.

చిన్నప్పుడు మా అన్న ఉదయగిరి క్రికెట్ టీముకి ఫాస్ట్ బౌలర్. సెమీస్ చేరాలంటే ఇక ఒక్కటీ ఓడకూడని రోజుల్లో, మ్యాచికి ముందు అతని కుడి భుజానికి ఆ మందు రుద్దేది నేనే.

"నాయనకి చెప్పబాక. చెబితే స్పీడు పోతాది" అనేవాడు.

స్పీడంతా ఆ మందులోనే ఉందని నమ్మి, ఇంకా గట్టిగా రుద్దేదాన్ని.

సెమీస్ చేరిన మర్నాడు ఆదివారం. చర్చిలో పాస్టరుగారు చేతులెత్తి స్తుతించమన్నారు. అన్న ఎడమచెయ్యి ఒక్కటే లేచింది.

"ఏందిరా, రెండోది కూడా ఎత్తు" అని అమ్మ గద్దించింది.

"లేవడంలేదుమా" అన్నాడు, నవ్వబోయి.

ఎత్తిన నా చేతులు గాల్లోనే బిగుసుకుపోయాయి. వాటినిండా ఆ మందు వాసనే.