చింటూ ఆపరేషన్, నేను వెనక్కి పంపిన సిరప్

హైటెక్ సిటీ కోసం బండలు పగలగొడుతున్న రోజులవి. శేరిలింగంపల్లిలో మా ఇంటిదాకా దుమ్మే. నాలుగేళ్ల మనవడు చింటూని సాయంత్రం తోమి స్నానం చేయించడం నా పని. ఒకరోజు తేడా తెలిసింది. వృషణాల సంచిలో ఒకవైపు ఖాళీగా ఉంది.

స్కానింగ్‌లో, ఆ వృషణం గజ్జల్లోనే ఆగిపోయిందని తేలింది. ఆర్కిడోపెక్సీ చేయాలన్నారు. "కిందికి దించి కుట్టేస్తాం. ఇంకా ముందే తేవలసింది," అన్నాడు సర్జన్. తలవంచుకుని విన్నాను. గొడవ మత్తు డాక్టరమ్మతో వచ్చింది.

"మత్తిచ్చి పడుకోబెట్టాక, నొప్పికి నడుము కింద కాడల్ బ్లాక్, అంటే తిమ్మిరెక్కించే సూది, వేస్తామండి."

నడుములో సూది! బాలానగర్‌లో ముప్పై ఏళ్లు లేత్ మెషీన్ నడిపాను. తోటి పనివాళ్ల ఇళ్లలో, కాన్పులో వెన్నుకి సూది వేశారని ఏళ్ల తరబడి నడుము పట్టుకుని తిరిగిన ఆడవాళ్ల కథలు నాకు పేరుపేరునా గుర్తున్నాయి. పైగా కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న వైద్య పుస్తకాలు మూడు చదివినవాణ్ణి. గజ్జల్లో వేసే ఇలియోఇంగ్వైనల్ బ్లాక్ సంగతి వాటిలోనే తెలిసింది.

"నడుము జోలికి పోవద్దమ్మా, గజ్జల్లనే ఎయ్యిండ్రి. రేపు నడుము పట్టుకొని తిరిగేటోనికి పిల్లనెవరిస్తరు?"

"వాడికి నాలుగేళ్లండి, తాతగారూ!"

"సూదికి వయసు తెలుస్తదా?"

ఆమె నవ్వు ఆపుకుని కాగితం మీద బొమ్మ గీసింది. "గజ్జల్లో వేసేదీ మంచిదేనండి. కానీ మేం కింద సంచి మీద కూడా కోస్తాం, లోపల లాగుతాం. ఆ నొప్పిని అది పూర్తిగా ఆపదు, కాడల్ అయితే ఆపుతుంది. కాళ్లు మాత్రం కాసేపు బరువుగా ఉంటాయి. ఏ బ్లాకైనా పనిచేసేది కొన్ని గంటలే. అది దిగకముందే నొప్పి తగ్గే సిరప్ పట్టాలి."

బొమ్మ నా పుస్తకంలోదానికంటే శుభ్రంగా ఉంది. దాన్నే చూస్తూ ఒప్పుకున్నాను. మాటలు సగమే చెవికెక్కాయి.

మర్నాడు పొద్దున్నే ఆపరేషన్ అయింది. చింటూ కళ్లు తెరిచి, "తాతా, ఇడ్లీ!" అన్నాడు. కాలు ఎత్తరా అంటే ఎత్తలేకపోయాడు.

"పోరని కాళ్లు పడగొట్టిండ్రు!" వార్డంతా అదిరేలా అరిచాను. డాక్టరమ్మ పరుగున వచ్చింది.

"చెప్పాను కదండీ, కాసేపు బరువుగా ఉంటాయని!"

"గింత బరువుంటయనుకోలే!"

కాసేపటికి వాడు నా పొట్టలో ఒక్క తన్ను తన్నాడు. పక్క మంచం వాళ్లందరికీ ఆ తన్ను గురించి చెప్పాను.

మధ్యాహ్నం నర్సు సిరప్ తెచ్చింది. వాడు నవ్వుతూ ఆడుకుంటున్నాడు.

"నొప్పే లేదు, మందెందుకు?"

"పట్టనియ్యి నాయినా, జర ఇను," అంది నా బిడ్డ, చింటూ తల్లి సుజాత. నేను వినలేదు. నర్సును వెనక్కి పంపేశాను.

గంటలో బ్లాక్ దిగింది. వాడి ఏడుపు రాయలేను. అప్పుడు పట్టిన సిరప్ పనిచేసేదాకా నా చెయ్యి కొరుకుతూనే ఉన్నాడు. కొరకనిచ్చాను. సుజాత నా చేతికి తడిగుడ్డ చుట్టింది. తిట్టినా బాగుండేది.

నెల తిరిగేసరికి వాడు గోడలు దూకసాగాడు. ఆ తర్వాతి చెకప్‌లో, "ఉండాల్సిన చోటే ఉంది," అన్నాడు సర్జన్.

సూది ఎక్కడ వేస్తారు, ఎందుకు వేస్తారు అని డాక్టర్లను గట్టిగా అడగండి, తప్పు లేదు. కానీ బ్లాక్ ఎన్ని గంటలకు దిగుతుంది, మొదటి సిరప్ ఎప్పుడు పట్టాలి, ఈ రెండూ అడిగి కాగితం మీద రాసుకోండి. ఆ టైముకి పిల్లవాడు పకపకా నవ్వుతున్నా సరే, పట్టండి.