కుంకా ఘాట్ ఎక్కని కొత్త బండి

హిలారియా లరుట పద్దెనిమిదేళ్ళు ఊళ్ళోవాళ్ళ బండ్లలో వెనక నిలబడి తిరిగింది. తితికాకా సరస్సు చేపల్ని పై ఊళ్ళలో అమ్మి, అక్కడి బంగాళాదుంపల్ని కిందికి దించడం ఆమె బతుకుతెరువు. "జాగా లేదు" అని డ్రైవరు ఒక్క మాటన్నాడంటే ఆ రోజు బేరం మట్టికొట్టుకుపోయినట్టే. వడగళ్ళు పడుతున్నా మూట మీద కూర్చుని ఇంకో బండి కోసం ఎదురుచూడాలి. పై ఊళ్ళ ఆడవాళ్ళందరిదీ అదే గతి. నలభై ఆరో ఏట ఎల్ ఆల్తో నగరం వెళ్ళి స్టీరింగు పట్టడం నేర్చుకుందంటే, డ్రైవర్ల మీద పేరుకుపోయిన కోపమే ఆమెకు గురువు.

అక్కడే ఎర్ర పికప్పు బండి కొన్నది. ఎల్ ఆల్తో నుంచి అన్ని మలుపులూ అవలీలగా ఎక్కించుకుంటూ తిన్నగా సరస్సు ఒడ్డునున్న కోపాకబానా ఊరి గుడి ముందుకు తెచ్చింది. దీవెన లేని బండిని మావైపు కుక్క కూడా నమ్మదు. పాదిరిగారు పవిత్రజలం చల్లారు. బంధువులు దండలు వేశారు. ఆ తర్వాత బానెట్ ఎత్తి ఇంజను మీద బీరు పోసి, పూరేకులు, రంగు కాగితం ముక్కలు దోసిళ్ళతో గుమ్మరించారు. భూమితల్లి వాటాలో పీనాసితనం చూపించేవాళ్ళు కాదు ఆ ఇంటివాళ్ళు.

ఇక మిగిలింది డ్రైవర్ల సంఘం పరీక్ష. నిండు బరువుతో, పై ఊళ్ళకు వెళ్ళే కుంకా ఘాట్‌ను ఎక్కడా ఆగకుండా ఎక్కితేనే ఆ దారిలో బండి తిప్పుకోనిస్తారు. అప్పటివరకూ ఏ ఆడమనిషీ అడిగిన పాపాన పోలేదు. ఆదివారం ఊరంతా చూస్తుండగా, సంఘం పెద్ద, అందరూ గౌరవంగా 'దోన్' అని పిలిచే అనక్లేతో పక్కసీట్లో కూర్చున్నాడు. మొదటి మలుపు దాటగానే బండి నీరసపడిపోయింది. హిలారియా ఎంత తొక్కినా మూలగడమే తప్ప ముందుకు కదలదు. చివరికి సగం దారిలోనే చతికిలబడింది.

"వచ్చే ఆదివారం ఇంకొక్కసారి చూస్తాం, దోన్యా హిలారియా," అన్నాడు అనక్లేతో తలుపు తీసుకుంటూ. "అప్పుడూ ఎక్కకపోతే ఈ దారి ఊసెత్తకు. చేపల బుట్ట ఇంకా ఉందిగా, పారేయకు!"

షోరూముకి ఫోన్ చేసింది. "మీ దగ్గర గాలి పల్చన కదండీ. ఏ ఇంజనుకైనా అక్కడ బలం తగ్గుతుంది. అలవాటు చేసుకోవాలి," అన్నాడు అవతలి కుర్రాడు, తియ్యగా.

"మరి అనక్లేతో డొక్కు లారీ పీల్చేది సముద్రం ఒడ్డు గాలా నాయనా?" అని ఆమె అడిగేసరికి ఫోన్ కట్టయింది.

ఆడపడుచు బ్రిహిదా దగ్గర వేరే జవాబుంది. "నేనప్పుడే అనుకున్నా వదినా. పోసిన బీరు నాలుక్కి కూడా ఆనదు. భూమితల్లి అలిగింది. ఈసారి దండిగా చెయ్యి."

మంగళవారం పెరట్లో దండిగానే చేశారు. రెండు సంచుల పూరేకులు, కాగితం ముక్కలైతే లెక్కే లేదు, ఇంజను కనపడకుండా నింపేశారు. బుధవారం బండి బడి ముందున్న చిన్న మిట్ట కూడా ఎక్కలేకపోయింది. హిలారియా స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చింది. దేవతకూ అక్కర్లేనిదాన్నయ్యానా అని ఆమె దిగులు. ఆ దిగులు చూసినవాళ్ళెవరికీ నవ్వు రాదు.

గురువారం బండిని ఈడ్చుకుంటూ కోపాకబానాలో మెకానిక్ దోన్ సెవేరో దగ్గరికి వెళ్ళింది. జీవితమంతా బస్సుల కింద పడుకున్న మనిషి. చూపు తక్కువ, చెవులు ఎక్కువ.

"ఊరికే ఆన్‌లో ఉంటే బాగానే ఉంది. తొక్కితేనే ఉక్కిరిబిక్కిరవుతోంది," అన్నాడు విని. "కొన్న రోజు ఎలా ఎక్కింది?"

"మేకపిల్లలా ఎక్కింది దోన్ సెవేరో."

"అయితే పల్చని గాలిది కాదు తప్పు. ఆ గాలి ఆ రోజూ ఉంది. తర్వాత బండికి ఏం చేశారు?"

హిలారియా ఛాతీ విరుచుకుని రెండు దీవెనల సంగతీ చెప్పింది. ముసలాయన నవ్వాపుకోలేక స్పానర్ కింద పడేసుకున్నాడు. ఇంజను ఊపిరి పీల్చుకునే గాలి ఫిల్టరు పెట్టె మూత తీశాడు. లోపలంతా బీరులో నాని ముద్దకట్టిన కాగితం, నల్లబడ్డ పూరేకులు.

"ఇక్కడ దొరికేదే కాస్త గాలి. దానికీ మీరు దుప్పటి కప్పేశారు తల్లీ!"

ఆమె మొహం కందిపోయింది. "అంటే భూమితల్లికి ఇచ్చుకోవడం తప్పంటారా?"

"ఎవరన్నారు? నేల మీద పొయ్యండి, టైర్లకి పొయ్యండి. బండి ముక్కులో కూరకండి, అంతే. నా మొదటి వ్యానుకి నేనూ ఇదే చేశా. మా ఆవిడకి తెలీదు, చెప్పకండి." నవ్వుతూనే ముద్దంతా కడిగి, కొత్త ఫిల్టరు బిగించాడు.

ఆదివారం వచ్చింది. ఇరవై బస్తాలు, పక్కసీట్లో అనక్లేతో. బండి మొదటి మలుపు దాటింది, రెండోది దాటింది. మూడో మలుపు దగ్గర దారి పక్కన ఒక ముసలావిడ నిలబడి ఉంది. వీపున మూట, చేతిలో తాడుకు కట్టిన గొర్రె. ఆమె చెయ్యెత్తలేదు. ఎత్తి ఎత్తి విసిగిపోయిందో ఏమో.

"ఆపావంటే పోయినట్టే," అన్నాడు అనక్లేతో. "రూలు తెలుసుగా."

వారమంతా పడ్డ పాట్లన్నీ హిలారియా కళ్ళముందు తిరిగాయి. అయినా బ్రేకు తొక్కింది. "ఆవిణ్ణి వదిలేసి ఎక్కడానికైతే నువ్వున్నావుగా దోన్ అనక్లేతో. నేనెందుకు?" అంటూ దిగి ముసలావిణ్ణి, గొర్రెనీ వెనక ఎక్కించింది.

ఘాట్‌లో ఆగిన నిండు బండిని మళ్ళీ కదిలించడం మాటలు కాదు. మొదటి గేరు వేసి నెమ్మదిగా తొక్కింది. బండి ఒక్క క్షణం తటపటాయించి, ఊపిరి నిండా పీల్చుకుని ముందుకు లేచింది. ఆ తర్వాత కొండ కొసదాకా ఇక వెనక్కి చూడలేదు.

పైన సంఘం డ్రైవర్లందరూ గుమిగూడి ఉన్నారు. అనక్లేతో దిగి టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. ఆగిందని చెప్పాలా, ఎక్కిందని చెప్పాలా తేల్చుకోలేకపోయాడు. అతను నోరు విప్పేలోపే పై ఊరి ఆడవాళ్ళు ఎర్రబండి చుట్టూ చేరి, ఎవర్నీ అడక్కుండా గురువారం సంతకి తమ మూటలకు జాగా చెప్పేసుకుంటున్నారు.