వదిలిపెట్టబడిన బిడ్డ

మనవరాలి ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే, కొత్త కాగితం వాసనతో పాటు పుంగనూరు ట్యూషన్ గుర్తుకొచ్చింది. అప్పట్లో అమ్మ కుప్పంలో ఉద్యోగం చేస్తూ నన్ను పుంగనూరులో పెద్దమ్మ దగ్గర ఉంచింది.

ఒక సాయంత్రం ట్యూషన్ సార్ బోర్డు మీద ఇంగ్లీషు వాక్యం రాశాడు. ‘హూ వాజ్ లెఫ్ట్ బిహైండ్’ అంటే ‘వదిలిపెట్టబడిన’ అని చెప్పి, మొత్తం తెలుగులో చదివాడు: “వదిలిపెట్టబడిన బిడ్డ రేపు తల్లి చేత తీసుకుపోబడును.”

మా ఇంట్లో ఎవరూ అలా మాట్లాడరు. రేడియో వార్తల్లా వినిపించేసరికి నిజమేనని నమ్మాను.

మరునాడు గౌన్లు సంచిలో పెట్టుకుని బస్టాండుకు పోయాను. కుప్పం బస్సు వచ్చింది. అందరూ దిగారు, అమ్మ దిగలేదు. అటుగా వచ్చిన సార్ సైకిలు ఆపాడు.

“ఈడ యాల కూసోనుండావమ్మా?”

“మా అమ్మ వస్తాదని మీరే చెప్తిరి గదా సార్!”

ఆయన నన్ను సైకిలెక్కించుకుని ఇంట్లో దింపాడు.

తర్వాతి రోజు బోర్డు మీద బిడ్డ లేదు. “వదిలిపెట్టబడిన మేక రేపు యజమాని చేత తోలుకుపోబడును” అని సార్ చదివితే పిల్లలంతా నవ్వారు.

ఆ మార్పు నాకోసమేనని ఇన్నేళ్లకు తెలుస్తోంది. ఆరోజు మాత్రం, మేక కోసం కూడా ఒకరు వస్తారే అనుకున్నాను.