వారధి మీద నేర్చుకున్న కొండదారి

మా పక్కింటి టీచరమ్మ గారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారని, పోయిన వారం పొద్దున్నే వాళ్ళమ్మాయి గోడ అవతల నుంచి పిలిచి చెప్పింది. వినగానే నాకు అరకు గుర్తొచ్చింది. మేమిద్దరం కలిసి వెళ్ళాల్సిన ఊరది.

రిటైరయ్యాక ఆవిడ కారు నేర్చుకున్నారు. బందరులో పుట్టి, బంటుమిల్లి, పెదపారుపూడి బళ్ళలో కొండలంటే పుస్తకంలో బొమ్మలు చూపించి పాఠాలు చెప్పిన మనిషి. తనే కారు నడుపుతూ ఆ కొండలన్నీ ఒక చుట్టు చుట్టి రావాలని పట్టుబట్టి, నన్ను తోడు రమ్మన్నారు. సాయంత్రాలు వాళ్ళ భోజనాల బల్ల మీద దారి వేసేవాళ్ళం. టీ కప్పు మారేడుమిల్లి, పంచదార డబ్బా లంబసింగి, ఉప్పు జాడీ అరకు. వాటి చుట్టూ ఊలు దారం తిప్పి, అనంతగిరి ఘాటు దింపి, విశాఖ మీదుగా ఇంటికి తెచ్చేవారు. వెళ్ళిన దారినే తిరిగొస్తే చుట్టాలింటికి వెళ్ళొచ్చినట్టు ఉంటుందనేవారు.

చిక్కల్లా ఎత్తు ఎక్కడం దగ్గర వచ్చింది. మా వైపు నేలంతా చాప పరిచినట్టే ఉంటుంది. ఎత్తు మీద కారు ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించడం నేర్చుకోవాలంటే దివిసీమ వెళ్ళే వారధే గతి. ఆదివారం ఆరాధన అవగానే బయల్దేరేవాళ్ళం. వారధి ఎక్కే రోడ్డు మధ్యలో ఆవిడ కారు ఆపేవారు. నేను దిగి ఇటుక పట్టుకుని వెనక చక్రం పక్కన నిలబడేదాన్ని. గడ్డి ట్రాక్టర్ల వాళ్ళు బండి చెడిపోయిందనుకుని తోయడానికి వచ్చేవాళ్ళు. ఆవిడ వాళ్ళకీ అరకు గురించి చెప్పి పంపేవారు.

ఇటుక అవసరం తప్పాకే ప్రయాణమని ఆవిడ నియమం.

"బెత్తెడు జారినా లోయలో ఉంటామమ్మా" అనేవారు.

నాకూ అది న్యాయంగానే తోచింది. ఇద్దరిలో ఒక్కరం కూడా ఘాటు రోడ్డు మొహం చూసి ఎరగం మరి. చలికాలాలు అలాగే వెళ్ళిపోయాయి. లంబసింగి కోసం కొన్న స్వెటరు వెనక సీట్లోనే ఉండిపోయింది. బందరులో దాన్నెవరు వేసుకుంటారు?

మొన్న ఎండలు ముదరక ముందు ఒక ఆదివారం కారు జారలేదు. మళ్ళీ ఆపి చూశారు. మళ్ళీ జారలేదు.

"చలి పడగానే వెళ్ళిపోదామమ్మా, ఇంక ఆగేది లేదు" అన్నారు.

వానల్లో మంచం పట్టారు. ఆ ఎండల్లోనే వెళ్ళాల్సింది. జారుతూనైనా వెళ్ళాల్సింది.

సమాధి చేసి వచ్చాక, అవనిగడ్డలో తమ ఇంటికి కారు చేర్చమని వాళ్ళమ్మాయి నన్నడిగింది. ఆవిడ నేర్చుకుంటుంటే చూసి చూసి నేనూ లైసెన్సు తెచ్చుకున్నాను. వారధి ఎక్కుతుంటే ముందు గడ్డి ట్రాక్టరు ఆగింది. నేనూ ఆగాను. అది కదిలాక, ఆవిడ చేసినట్టే క్లచ్ మెల్లగా వదులుతూ హ్యాండ్‌బ్రేకు దించాను. కారు జారలేదు. డిక్కీలో ఇటుక మాత్రం వెనక్కి దొర్లి, తలుపుకి తగిలి ఆగింది.