తాడు టీచరమ్మ చేతిలో మిగిలిన అట్టముక్క

తాడు టీచరమ్మ ముందుగదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి ఒక నైలాన్ తాడు కట్టి ఉంటుంది. పగలంతా దానిమీద తోడికోడలు కుట్టిన చొక్కాలు వేలాడతాయి. సాయంత్రమైతే ఇంగ్లీషు వేలాడుతుంది.

బట్టల క్లిప్పులతో అట్టముక్కలు తగిలించి చదువు చెబుతుందావిడ. ముందు జరిగిపోయిన పని తాలూకు మాట, దాని వెనక చిన్నాచితకా మాటలు.

"మన భాషలో క్రియ మహా పెద్దమనిషి. చుట్టాలంతా వచ్చి కూర్చున్నాక తీరిగ్గా ఆఖర్న వస్తాడు. నెమ్మదిగా బజారుకి నడిచింది, అంటాం. నడవడం చివర. ఇంగ్లీషులో ఆయనకి తొందరెక్కువ. షీ వాక్డ్ అని ముందే వచ్చి కూర్చుంటాడు. ఇంక స్లోలీ, టు ద మార్కెట్, బికాజ్ అంటూ చుట్టాలు ఒక్కొక్కరే వెనకాల దిగాలి."

"చుట్టాలు రాకపోతేనో టీచరమ్మా?" అన్నాడు వ్యాను డ్రైవరు. ఆయనకి నోరు ఊరుకోదు.

"రాకపోతే పెద్దమనిషి ఒక్కడే కూర్చుని గోళ్ళు గిల్లుకుంటాడు. నడిచింది అనేసి ఊరుకున్నావనుకో. ఎక్కడికి నడిచింది, ఎందుకు నడిచింది అని వినేవాళ్ళకి కడుపుబ్బరం కాదూ?"

ఆవిడ దగ్గర చదువుకునేవాళ్ళంతా ఇలా పని దిగివచ్చే పెద్దవాళ్ళే. డ్రైవరు, ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మ, ఇంకో నలుగురైదుగురు. మొగుడు పోయాక ఆ గదే ఆవిడ అన్నం, ఆ గదే ఆవిడ పరువు.

అలాంటి మనిషి ఆవేళ "జంప్డ్" అన్న అట్ట తాడుకి తగిలించి, చేతిలో ఉన్న రెండో అట్ట వంక చూసి అలాగే నిలబడిపోయింది. "ఓవర్" అని ఉంది దానిమీద. తన చేత్తో తనే రాసింది. చదవగలుగుతోంది. అదేం పని చేసే మాటో మాత్రం తెలియడం లేదు. తెలిసిన మనిషి పేరు మరిచిపోతే ఎలా ఉంటుందో అలా కూడా లేదు. అసలా మనిషి ఎప్పుడూ లేనేలేడన్నట్టుంది.

"ఇవాళ్టి నుంచి మీరే తగిలించండి," అని మిగతా కట్టంతా డ్రైవరు చేతిలో పెట్టి కుర్చీలో కూలబడింది.

"టీచరమ్మకి బద్ధకం ముదిరింది," అన్నాడాయన. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. చేతిలో మిగిలిన ఆ అట్టని మాత్రం ఎవరూ చూడకుండా కొంగులో దాచేసింది.

అంత భయం దేనికంటే, ఆవిడ తల్లి పోయిన తీరు అలాంటిది. ఆ మహాతల్లి మాటల్లోంచి ముందు చిన్నవే రాలిపోయాయి. మీద, లోపల, తర్వాత, అందుకని. ఆ పైన పేర్లు. చివరికి దాహమేస్తే గ్లాసు వైపు వేలు చూపించి, ఎందుకు చూపించానా అని ఆ వేలినే చూసుకునేది. తల్లికి నీళ్ళు పట్టిన చెయ్యి ఈవిడదే. ఇప్పుడు ఆ వేలు తనకి మొలుస్తోందనుకుంది.

డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ మాట పైకి అనేస్తాడు. అనకపోతే ఆ జబ్బు ఇంకా రానట్టే. ఇదీ ఆవిడ లెక్క. తల ఒకటే బరువుగా నొప్పిగా ఉంటోంది. భయంతోనే అనుకుని గుడ్డ కట్టుకుని తిరిగింది. తోడికోడల్ని అడిగి రంగుదారాలు తెచ్చుకుంది. పాత పాఠాల నోటుపుస్తకం చూసి అట్టల వెనక అంటించింది. ఎర్రదారం ముందు, పచ్చదారం వెనక, నీలం ఆఖర్న. మాట తెలియకపోయినా దారం చూసి తలాడించవచ్చు. వచ్చినవాళ్ళు కొత్త పద్ధతి భలేగా ఉందని మెచ్చుకున్నారు.

అట్టలకైతే దారాలున్నాయి. నోటికేం అంటించుకుంటుంది?

"పాలు... స్టవ్వు... పెట్టా," అంది ఒకపూట.

తోడికోడలు మిషను మీంచి తలెత్తకుండానే, "ఏంటక్కా, టెలిగ్రాం ఇస్తున్నావా? పాలు స్టవ్వు మీద పెట్టావా, స్టవ్వు తీసుకెళ్ళి పాలల్లో పెట్టావా?" అంది.

"నీ వెటకారం... నువ్వు," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది టీచరమ్మ. 

మామూలుగా అయితే మాటకి నాలుగు మాటలు వడ్డించే మనిషి. తోడికోడలు సూది అలాగే పట్టుకుని గుమ్మం వైపు చూసింది. పాలు పొంగి పొయ్యి ఆరిన వాసన వచ్చేదాకా లోపల్నుంచి చప్పుడు లేదు. వెళ్ళి చూస్తే, గిన్నె ఎదురుగానే నిలబడి ఉంది ఆవిడ. దించాలని తెలుసు. దించి దేనిమీద పెట్టాలో తెలియడం లేదు.

"అక్కా, నీకేదో అయింది."

"ఏం లేదు. ఎవరికీ... వద్దు." చెప్పొద్దని కాబోలు. కళ్ళు మాత్రం కుక్క తరిమిన పిల్లి కళ్ళలా ఉన్నాయి.

తోడికోడలు ఆ సాయంత్రమే మిషను తెచ్చి ముందుగది గుమ్మం పక్కనే వేసుకుంది.

మర్నాటి పాఠంలో డ్రైవరుకి "ఫెల్" అట్ట వచ్చింది. తగిలించి వెనక్కి తిరిగాడు. "ఎప్పుడూ మేమే చెప్పాలా? ఇవాళ దీనికి వాక్యం మీరు చెప్పండి టీచరమ్మా. మీ నోట విని ఎన్నాళ్ళయింది." 

తప్పించుకోవడానికి లేదు. లేచి నిలబడింది. "ఐ ఫెల్," అంది.

అందరూ పెన్నులు పట్టుకుని కూర్చున్నారు. తాడు మీద ఆ ఒక్క అట్టా ఫ్యాను గాలికి ఊగుతోంది. ఆవిడ మళ్ళీ "ఐ ఫెల్," అంది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. నవ్వబోయిన డ్రైవరు ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు. ఒకప్పుడు ఆవిడ తల్లిని జనం ఎలా చూసేవారో అలాగే చూస్తున్నారు వీళ్ళంతా. ఆవిడ చెయ్యి దానంతటదే లేచి అట్ట వైపు వేలు చూపించింది. ఆ వేలిని చూసుకుని ఆవిడ చటుక్కున పిడికిలి బిగించేసింది.

గుమ్మం పక్క మిషను చప్పుడు ఆగింది.

తోడికోడలికి ఇంగ్లీషు ముక్క రాదు. కానీ గోడవతల కూర్చుని ఏళ్ళ తరబడి ఆ పాఠం విన్న మనిషి. "పడింది" అన్నాక ఏం రావాలో ఆవిడకీ తెలుసు. చేతిలో చొక్కాతోనే లోపలికి వచ్చింది.

"స్టూలు మీంచి," అంది. "తాడు తెగితే కొత్తది కడుతూ. వెనక్కి. బీరువా అంచుకి తల కొట్టుకుని. ఎవరికీ చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది, టీచరు స్టూలు మీంచి పడిందని నవ్వుతారని. బొప్పి తగ్గింది కదాని నేనూ ఊరుకున్నాను."

నర్సమ్మ పెన్ను కింద పెట్టేసింది. "ఎప్పుడు పడ్డారు?"

"కిందటి నెల్లో."

"మాటలు తడబడ్డం?"

"ఆ తర్వాతే."

నర్సమ్మ అప్పటికే చెప్పులేసుకుంటోంది. "తలలో దెబ్బ ఒక్కోసారి వారాల తర్వాత బయటపడుతుంది. ఇప్పుడే వెళ్ళాలి. వ్యాను తియ్యండి."

డ్రైవరు జోకులన్నీ మర్చిపోయి పరిగెత్తాడు.

ఆస్పత్రిలో తలకి ఫోటో తీశారు. పెద్ద డాక్టరు దాన్ని దీపం ముందు పెట్టి, పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరి నొక్కుతోందన్నాడు. చిన్న రంధ్రం పెట్టి తీసెయ్యాలి, ఇంకా ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పు అన్నాడు.

"మా అమ్మ... జబ్బు?" అని అడిగింది టీచరమ్మ, ఒక్కో మాటా బావిలోంచి తోడినట్టు.

తోడికోడలు సంగతంతా వివరించింది. డాక్టరు తల అడ్డంగా ఊపాడు. "అదని అనుకోవడానికి ఇందులో ఏమీ కనబడలేదమ్మా. ఈ రక్తం తీస్తే మాటలు చాలావరకు తిరిగి రావాలి. పూర్తిగా ఎన్ని వస్తాయన్నది తర్వాతే చెప్పగలను."

ఒక భయం గుండెల మీంచి దిగింది. దాని చోటులో ఇంకోటి ఎక్కి కూర్చుంది. తలకి రంధ్రం అంటే మాటలా? నర్సమ్మ ఆవిడ జుట్టు ఒకపక్క గొరిగి, మంచం చక్రాల బ్రేకు తీసింది. ఆపరేషను గది తలుపు దగ్గర టీచరమ్మ తోడికోడలి చెయ్యి పట్టుకుంది.

"భయం," అంది.

"నాకూ భయమే అక్కా."

"నువ్వు... తలుపు... ఉండు."

తోడికోడలు ఈసారి వెటకారమాడలేదు. రెండోపక్క చెమటకి అంటుకున్న ఆవిడ జుట్టు వెనక్కి తోసి, మిగిలిన చిన్న మాటలన్నీ ఒక్కొక్కటే అందించింది.

"తలుపు దగ్గరే ఉంటాను. నువ్వు బయటికి వచ్చేదాకా. ఎక్కడికీ కదలకుండా. సరేనా?"

టీచరమ్మ పెదాలు కదిపి ఆ మాటల్ని తనలో తనే ఒకసారి అనుకుంది. దగ్గర. దాకా. కదలకుండా. అనుకుంటుండగానే మంచం లోపలికి కదిలింది.