అత్తమ్మ ముందుగా తాగిన గుక్క

మారేడ్‌పల్లిలో మా మేనత్త పోయిందని మొన్న పొద్దున ఫోన్ వస్తే ముందు నేను నమ్మలేదు. తెలియని నంబరు. పక్కింటివాణ్ణని చెప్పిన ఆయన్ని ఏ ఇల్లు, గేటు ఏ రంగు అని ఆరా తీసి, ఆయన విసుక్కున్నాకే అల్వాల్ నుంచి బయలుదేరాను. ఈ అనుమానం నాకు ఆమె పెంపకంలో అబ్బిందే. దారంతా ఏడుస్తూనే వెళ్ళాను.

అత్తమ్మ నర్సుగా చేసింది. పాలు పోసే అతని ఎదుటే పాలచుక్క గోటి మీద జార్చి చూసేది. "నమ్ము బిడ్డా, గని మూత తీసి చూసి నమ్ము" అనేది. ఇక ఎంగిలి సంగతి చెప్పనక్కరలేదు. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం అందరికీ ఒకే గిన్నెలో అందిస్తున్నారని, మనిషికో బుల్లి గ్లాసు ఇచ్చే చర్చికి మారిపోయింది.

అలాంటి మనిషి రిటైరయ్యాక జాంబియాలో ఒక పల్లె ఆసుపత్రికి సేవ చేయడానికి వెళతానంది. ఇందులో ఏదో మోసం ఉందని మా నాన్న గొడవ. "ఇంట్ల కూసుంటే అనుమానం ఇంక ముదురుతది అన్నా" అని, తన గ్లాసు తను సర్దుకుని వెళ్ళింది.

మొదటి రోజే పని చెడింది. ఊరి పెద్దావిడ ఒకామె మొక్కజొన్న పానీయం తెచ్చి, తానొక గుక్క తాగి, అదే కప్పు అత్తమ్మకు అందించింది. ఇందులో విషం లేదు చూడమని అతిథికి చూపడం అక్కడి మర్యాద. ఈమెకేమో అది ఎంగిలి. వద్దని దండం పెట్టింది. మనల్ని అనుమానించింది అనుకున్నారు ఊరివాళ్ళు. మన కప్పు నమ్మని మనిషి మందు మన పిల్లలకెందుకని తల్లులు రావడం మానేశారు. అక్కడి ఆయా విడమరిచి చెప్పేదాకా అత్తమ్మకు సంగతే తెలియదు.

ఆ వారంలోనే ఒకామె విరేచనాలతో వాడిపోయిన పసివాణ్ణి తెచ్చింది. అత్తమ్మ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు ఆమె తెచ్చుకున్న కప్పులో పోస్తే, తల్లి చెయ్యి అడ్డం పెట్టింది. పిల్లాడి కళ్ళు పీక్కుపోతున్నాయి.

"నాకింకేం తోచలే. ఆమె కప్పే గుంజుకొని మూతి పెట్టి తాగిన. మింగినంక నోరు సుత తెరిచి చూపెట్టిన. అప్పుడు ఇచ్చింది పిల్లగాన్ని" అని నాతో చెప్పింది.

పిల్లాడు బతికాడు. కొన్ని నెలలకని వెళ్ళిన మనిషి, వాళ్ళ మొక్కజొన్న ముద్ద మన సంకటి లాగే ఉందంటూ ఏళ్ళపాటు అక్కడే ఉండిపోయింది. అంతమాత్రాన ఊరు ఆమెను నమ్మేసిందని కాదు.

ఆ పిల్లాడు నీళ్ళు తాగిన మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి మెట్ల ముందు తల్లులు బారులు తీరారట, మందునీళ్ళ కోసం ఎవరి కప్పు వాళ్ళు పట్టుకుని. ఒకరి కప్పులో తాగితే ఇంకొకరు ఒప్పుకోలేదు. అత్తమ్మ మెట్టు మీద కూర్చుని ప్రతి కప్పులోనూ ఒక గుక్క తాగింది. వాళ్ళెవరూ కప్పు వంక చూడలేదట. గుక్క నిజంగా దిగిందా లేదా అని ఆమె గొంతు వంకే చూస్తూ నిలబడ్డారు.