ఢిల్లీ రూలు చెప్పి కొన్న బండి

ఇది నా గొంతులో ఇరుక్కుని చాలా ఏళ్ళయింది. మింగుడు పడదు, కక్కనూ లేను. ఇంట్లో చెప్పలేదు. అహోబిలం మెట్లెక్కి నరసింహస్వామి ముందు నిలబడినా వ్యాపారం బాగుండాలని అడగడానికే నోరు పెగిలింది గానీ, ఇది బయటికి రాలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళతో అయితే ఇందులోనూ బేరం పెడతాను.

ఆదోనిలో పాత డీజిల్ పికప్పులు కొని అమ్ముతాను. మాది చిల్లర అంగళ్ళ వంశం. వచ్చినవాడి మొహం కాదురా, వాడి భయం చూడు అనేవాడు మా నాయన. ఆయన కందిపప్పు అమ్మడానికి చెప్పిన మాట అది. నేను దానితో మనుషుల్ని తూచాను.

ఈరన్నది కోసిగి పక్క పల్లె. పాత పికప్పు ఒకటి ఉండేది. ఉల్లిగడ్డలు కర్నూలుకు తోలేవాడు, పత్తి తీసే కూలీలను చేలకు దింపేవాడు. ఆ పక్క పల్లెల్లో పంట అయిపోతే ఇళ్ళకు తాళాలు వేసుకుని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు. సుగ్గికి పోవడం అంటారు. బండి ఉన్నన్నాళ్ళూ తన ఇంటికి తాళం పడలేదని ఈరన్నే సంతోషంగా చెప్పాడు. ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతుందో తెలిసిపోయింది నాకు.

బండికి ఫిట్‌నెస్ గడువు దగ్గరపడింది. పొగ నల్లగా వస్తోంది, ఏం చేద్దామని భార్య హులిగెమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. చెప్పాల్సింది చిన్న మాట. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు బాగుచేయించు, పొగ తగ్గుతుంది, పాత బండికి వేసే పన్ను కట్టు, ఇంకా కొన్నేళ్ళు తిరుగుతుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. నిజంగా వచ్చిందా? లేక ఇప్పుడు నా మీద నాకే జాలి కలిగి అలా అనుకుంటున్నానా?

ఫోన్ తీసి, ఢిల్లీలో గాలి పాడవుతోందని పాత డీజిల్ బండ్లను పట్టుకుపోతున్న వీడియో చూపించాను.

"ఇదే రూలు మనకూ వస్తాంది ఈరన్నా. వచ్చినాక తూకానికి కూడా ఎవడూ కొనడు," అన్నాను.

హులిగెమ్మ బండి తలుపు పట్టుకుని నిలబడి ఉంది. "ఢిల్లీ యాడ, కోసిగి యాడప్పా? ఆడ పొగొస్తే ఈడ బండి ఎందుకు పట్టుకుంటారు?" అంది.

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

"రూలు కూడా పొగ మాదిరేనమ్మా. గాలి తిరిగితే ఈడికే వస్తాది."

ఈరన్న నవ్వాడు. "ఊరుకోమే. అన్న మనకు చెడ్డ చెప్తాడా?"

ఎద్దుల సంతలో తువ్వాలు కప్పి, దాని కింద వేళ్ళు నొక్కి ధర మాట్లాడుకోవడం మీకు తెలిసే ఉంటుంది. కుదిరిన ధర ఎవరికీ చెప్పకూడదు, చేతులు విడిచాక మాట తిప్పకూడదు. పికప్పుకు తువ్వాలు ఎవడైనా కప్పుతాడా? నేను కప్పాను. పెద్దల పద్ధతి అని గొప్పగా చెప్పి మరీ కప్పాను. ఈరన్నకు అది మర్యాదగా తోచింది. నాకు కావలసింది వేరు: పక్కనున్న భార్యకు, రేపు ఊళ్ళో అడిగేవాళ్ళకు ఆ ధర తెలియకూడదు. తుక్కు ధర నొక్కాను. అతని చెయ్యి ఒప్పుకుంది. ఎంతకని హులిగెమ్మ అడిగితే ఈరన్న చెప్పలేదు. ఈరోజుకీ చెప్పలేదట. అతను కాపాడుకున్న మర్యాద నా దొంగతనానికి గొళ్ళెమైంది.

ఇంజెక్టర్లు బాగుచేయించాను. పొగ తగ్గింది. ఫిట్‌నెస్ పాసైంది. ఈరన్న కంట పడకుండా కర్ణాటక వైపు మంచి ధరకు అమ్మేశాను.

ఆ ఏడాది ఈరన్న ఇంటికి తాళం పడింది. మిరప చేల దగ్గర వేసుకునే గుడిసెలో వండిపెట్టడానికి పదో తరగతి చదివే కూతుర్ని వెంట తీసుకుపోయారు. ఆ పిల్ల మళ్ళీ బడి మొహం చూడలేదు.

రూలు ఇంకా మాకు రాలేదు. రేపు డీజిల్ పికప్పు ఉంటుందా, కరెంటు బండ్లే తిరుగుతాయా అని రోజూ ఎవరో ఒకరు నన్ను అడుగుతారు. నాకేం తెలుసు? అప్పుడూ తెలియదు. ఆ తెలియనితనాన్నే అమ్ముకున్నాను. ఒక్కోసారి ఆ రూలు నిజంగానే వచ్చేయాలని కోరుకుంటాను, వస్తే నా అబద్ధం ముందుచూపు అయిపోతుంది కదా అని. జిల్లాలో బండ్లన్నీ తుక్కయినా సరే, నా మాట నెగ్గాలి. చూశారా, ఎలాంటివాణ్ణో?

పోయిన వారం ఈరన్న మళ్ళీ వచ్చాడు. ఇంటిల్లిపాదీ కష్టపడి కూడబెట్టారట. మళ్ళీ బండి తీసుకుంటాడట. డీజిల్ తీసుకోవాలా వద్దా, నన్నే చెప్పమన్నాడు.

"ఆ రూలు ఎప్పుడొస్తాదోనని ఇప్పటికీ అందరూ భయపడతాండారు. అప్పుడు ముందే చెప్పి కాపాడినావు. ఈసారీ నువ్వు చెప్పిందే."

టీ తెప్పించాను. అంతే చేయగలిగాను. సోమవారం వస్తానని పోయాడు.

ఏదైనా బండి తక్కువకు ఇచ్చేస్తే సరిపోతుందని అనుకున్నాను. అతను దండం పెడతాడు. ఆ దండం కూడా నేను దోచుకున్నదే అవుతుంది. నోరు తెరిచి నిజం చెబితే, ఆ పిల్ల చదువు పోయింది ఎవరివల్లనో అతనికి తెలిసిపోతుంది. నన్ను కొడితే బాగుండు. కొట్టడు. తనే తలవంచుకుని కూర్చుంటాడు, అదే నా భయం.

సోమవారం చెబుతానని మీకు ప్రమాణం చేయను. నా ప్రమాణాల విలువ నాకు తెలుసు. ఇక్కడ మాత్రం రాస్తున్నాను. ఈరన్నా, నీ బండికి ఏమీ కాలేదు. ఏ రూలూ రాలేదు. నేను నీకు అబద్ధం చెప్పాను.

ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.